పిల్లిని పరవశింపజేసే కుప్పింట వేరు

మన తెలుగువాళ్ళకి పిల్లి అంటే మొదటినుంచీ అంత సదభిప్రాయం లేదు. కళ్ళు మూసుకుని పాలు తాగేది పిల్లి. ఎలుక ప్రాణసంకటంతో చెలగాటమాడేది పిల్లి. శకునానికి ఎదురొస్తే ప్రయాణం మానిపించేది పిల్లి. పరమ పిసినారిని తిట్టాలన్నా పిల్లికి బిచ్చం పెట్టనివాడంటాం. చిన్నయసూరిగారు 1853లో ప్రకటించిన నీతిచంద్రికలో దీర్ఘకర్ణమనే పిల్లి పెద్ద తపస్వి లాగా నటించి, గుడ్డిగద్దను నమ్మించి, చెట్టుమీది పక్షిపిల్లల్ని ఒక్కొక్కటే భక్షిస్తుంది. ఏటా ఆ కథ క్లాసులో చెబుతూనే ఉంటాను. పిల్లలు నవ్వుతూనే ఉంటారు.

ఇన్ని మాటలు పడ్డా పిల్లి తన మర్యాద తాను వదులుకోదు. పిలిస్తే రాదు. పొమ్మంటే పోదు. కుక్కలాగా తోక ఆడించి ఇచ్చకాలు చెప్పడం దానికి చేతకాదు. అటువంటి గంభీరమైన ప్రాణి, వేలెడంత వేరుముక్క కనబడేసరికి పెద్దరికమంతా మరచిపోయి, నేలమీద పొర్లి, మూతి రుద్దుకుని, చొంగ కార్చుకుంటుందంటే నమ్మగలరా? ఆ వేరు ఏ హిమాలయాలలోనో దొరికేది కాదు. మన పెరట్లో, గోడవార, మునిసిపాలిటీ వారి చెత్తకుండీ పక్కన తొలకరి చినుకు పడగానే మొలిచే కుప్పింట మొక్కదే.

కుప్పింటాకు అంటే కొందరికి తెలియకపోవచ్చు. కొన్నిచోట్ల మురిపిండి అంటారు, కొన్నిచోట్ల పిప్పింట అంటారు. మోకాలెత్తు మొక్క. ఆకుల అంచులు రంపపు పళ్ళలా ఉంటాయి. పైనుంచి చూస్తే ఒక ఆకు నీడ మరొక ఆకుమీద పడకుండా, పొడుగు కాడల ఆకులు పక్కన, పొట్టి కాడల ఆకులు మధ్యన, ముగ్గు పెట్టినట్టు అమరి ఉంటాయి. కొమ్మల మొదట్లో ఆకుపచ్చని కంకులు లేస్తాయి. ఆ కంకులను చూసే కాబోలు సంస్కృతంలో దీనికి హరితమంజరి అని సొగసైన పేరు పెట్టారు. ఇంత అందమైన పేరున్న మొక్కని మనం కలుపు అని పీకి పారేస్తున్నాం. వృక్షశాస్త్రం ప్రకారం ఇది ఆముదపు చెట్టుకి చుట్టం. 1753లో లిన్నేయస్ మహాశయుడు దీనికి అకాలిఫా ఇండికా అని నామకరణం చేశాడు. అంతకు ముందే, 17వ శతాబ్దంలో, డచ్చివారు మలబారు తీరపు మొక్కల గురించి అచ్చువేసిన ‘హోర్టస్ మలబారికస్’ అనే మహాగ్రంథంలో ఇది ‘కుపమేని’ అన్న పేరుతో బొమ్మతో సహా ఉంది.

తెలుగు చెప్పుకుని బతికేదాన్ని గనక, నాకు పేర్లమీద మోజు ఎక్కువ. పక్క భాషలవాళ్ళు ఈ మొక్కనేమంటారా అని చూస్తే ఆశ్చర్యం వేసింది. తమిళంలో కుప్పైమేని అన్న పేరుతోపాటు ‘పూనైవణంగి’ అని ఇంకొక పేరుంది. పూనై అంటే పిల్లి. పిల్లి వంగి నమస్కరించే మొక్క అన్నమాట! మలయాళంలో ‘పూచ్చమయక్కి’ అంటారు. పిల్లిని మైమరపించేది అని అర్థం. వాళ్ళు పిల్లి చేష్టలన్నీ చూసి, నవ్వుకుని, ఆ ముచ్చటని పేరులోనే దాచుకున్నారు. మన పేర్లలో మాత్రం పిల్లి జాడ లేదు. అంతమాత్రాన మనవాళ్ళకి సంగతి తెలియదనుకోకండి. మా విశాఖపట్నంలో, మహారాణిపేటలోని మా వీధికి ఆకుకూరల బుట్ట తెచ్చే ఆవిడకి తెలుసు. నాకు చెప్పింది ఆవిడే.

పోయిన వర్షాకాలంలో ఒకనాటి ఉదయం. గోడవార కలుపు పీకించి కుప్పపోయిస్తున్నాను. ఎదురింటి మామ్మగారి పిల్లి ఎక్కడినుంచి వచ్చిందో ఆ కుప్పలో దూరి, ఒక మొక్కను వాటేసుకుని, వెనక కాళ్ళతో తన్నుతూ, గురగురమంటూ దొర్లడం మొదలెట్టింది. పిచ్చెక్కిందేమోనని మామ్మగారు కంగారుపడ్డారు. అప్పుడే బుట్ట దింపిన ఆకుకూరలావిడ పకపక నవ్వింది.

“ఏటి మామ్మగారూ, అలగైపోతన్నారు? కుప్పింటేరు వోసన తగిల్నాది దానికి. ఆకు కాదు, ఏరు సూడండి. బూమ్మీదున్నంతసేపూ దాని మొకం సూడదు. ఏరు పైకొచ్చిందంటే మరి ఆగదు. గడియలో ఇదే తగ్గిపోతాది.”

ఆవిడ చెప్పినట్టే పది నిమిషాలకి తగ్గిపోయింది. పిల్లి లేచి, ఒళ్ళు దులుపుకుని, ఏమీ జరగనట్టే గోడెక్కి కూచుంది. నాకు మాత్రం తోచలేదు. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే మిత్రుల్ని అడిగి, వాళ్ళు చూపించిన వ్యాసాలన్నీ చదివాను. అందులో తేలిన విషయాలు పిల్లి ఉన్న ప్రతి ఇంటివారూ తెలుసుకోదగ్గవి.

పాశ్చాత్య దేశాలలో పిల్లులని మైమరపించే మొక్క వేరే ఉంది. దాన్ని క్యాట్‌నిప్ అంటారు. మన తులసి, పుదీనాల కుటుంబంలోది. చలిదేశపు మొక్క. దాని ఎండుటాకు పొడి ఇప్పుడు మన ఊళ్ళో కూడా పిల్లి సరుకులమ్మే దుకాణాలలో డబ్బాలలో దొరుకుతోంది. జపానులో మతతబి అని ఒక తీగ ఉంది. దానిదీ ఇదే పని. క్యాట్‌నిప్‌లో ఉన్న మందు పేరు నెపెటలాక్టోన్. మన కుప్పింట వేరులో ఏముందో 2016లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు తేల్చారు. అందులో ఉన్నవి రెండు. ఒకటి ఐసోడైహైడ్రోనెపెటలాక్టోన్. పేరులోనే క్యాట్‌నిప్ మందుతో చుట్టరికం కనబడుతోంది. రెండవది ఐసోఐరిడోమైర్మెసిన్. ఇది ఇంకా చిత్రం. ఐరిడోమైర్మెక్స్ అనేది ఒక జాతి చీమల పేరు. ఈ కోవకి చెందిన పదార్థం మొదట చీమలలో దొరికింది గనక ఆ పేరు వచ్చింది. చీమ తన శత్రువులకోసం తయారుచేసుకునేదీ, మొక్క పురుగులకోసం తయారుచేసుకునేదీ ఒకే కోవలోవి. మధ్యన పిల్లి వచ్చి పరవశించిపోతోంది!

పిల్లికి ఈ మహిమ ముక్కుద్వారానే తగులుతుంది. కడుపులోకి పోయినందువల్ల కాదు. ఆకులు కొరికినా, నమిలినా, అవి నలిగి వాసన ఎక్కువ రావడానికే. వాసన తగిలిన పిల్లి మొదట మూచూస్తుంది, నాకుతుంది, తల విదిలిస్తుంది, బుగ్గలు రుద్దుతుంది, ఆ తరవాత పొర్లుతుంది. ఇదంతా ఐదు నిమిషాలనుంచి పదిహేను నిమిషాలదాకా నడుస్తుంది. తరవాత ఒక అరగంటో గంటో మళ్ళీ చూపించినా లెక్కచెయ్యదు. మూడునెలల లోపు కూనలకి బొత్తిగా పట్టదు. పెద్దవాటిలోనైనా అన్నిటికీ పట్టదు. క్యాట్‌నిప్‌కి మూడింట రెండువంతుల పిల్లులు మాత్రమే లొంగుతాయి. ఇది వంశపారంపర్యంగా వచ్చే గుణమని 1962లో టాడ్ అనే శాస్త్రజ్ఞుడు చెప్పాడు. ఒక్క జన్యువు పని కాదు, అనేక జన్యువులు కలిసి చేసే పని అని తరవాతివారు సవరించారు. 2017లో నూరు పిల్లులమీద పరీక్ష చేస్తే, క్యాట్‌నిప్‌కి లొంగనివాటిలో చాలా పిల్లులు జపాను మతతబికి లొంగాయి. ఎవరి రుచి వారిది!

ఇంతకీ ఇది తాగుబోతు వ్యవహారం వంటిదేనా, పిల్లి దీనికి బానిసైపోతుందా అని మామ్మగారు అడిగారు. మంచి ప్రశ్నే. 2021లో జపానులోని ఇవాతె విశ్వవిద్యాలయంవారు దీనికి జవాబు వెదికారు. మతతబి వాసన తగిలిన పిల్లి రక్తంలో ఎండార్ఫిన్ పెరుగుతోందని కనిపెట్టారు. అది శరీరం తనంతట తాను తయారుచేసుకునే సుఖపదార్థం. మనం పరుగెత్తి అలసినప్పుడూ, కడుపునిండా నవ్వినప్పుడూ మన ఒంట్లోనూ ఊరేదే. ఆ పదార్థాన్ని అడ్డగించే మందు ముందుగా ఇస్తే పిల్లి ఆ మొక్కను పట్టించుకోలేదు. బయటినుంచి మత్తు లోపలికి పోవడం లేదు, లోపలి సుఖమే పైకి వస్తోంది. క్యాట్‌నిప్ వాసనకి పిల్లి బానిస కాదని పశువైద్యులూ చెబుతున్నారు.

ఆ జపానువారే ఇంకొక మంచి సంగతి తేల్చారు. ఆ మొక్కలకి రాసుకున్న పిల్లి తలమీద దోమలు వాలడం బాగా తగ్గిందట. కాగితానికి మందు రాసి గోడకీ, పైకప్పుకీ అంటించి చూశారు. పొర్లడానికి వీలులేకపోయినా పిల్లులు వెనక కాళ్ళమీద లేచి మరీ బుగ్గలూ తలా దానికి రాసుకున్నాయి. పొర్లడం ఆనందంకోసం, రాసుకోవడం దోమలకోసం అని వారి నిర్ణయం. పొదలలో నక్కి, గంటలకొద్దీ కదలకుండా వేటకోసం కాచుకునే ప్రాణికి దోమ పెద్ద శత్రువే కదా! జంతుప్రదర్శనశాలలలో చిరుతపులి, జాగ్వారు, లింక్సు కూడా ఆ కాగితానికి బుగ్గలు రుద్దాయి. కుక్కా, ఎలుకా మాత్రం దాని వంక చూడలేదు. మా కంబాలకొండ అడవిలో తిరిగే చిరుతపులీ, మా మామ్మగారి పిల్లీ ఒకే కులమన్నమాట. దోమల విషయంలో విశాఖపట్నం వారికి ఎవరూ పాఠం చెప్పనక్కరలేదు గనక, ఈ సంగతి విన్నాక నాకు పిల్లిమీద గౌరవం పెరిగింది.

ఇక జాగ్రత్తలు. ఇది బాగా గుర్తుంచుకోవాలి.

కుప్పింట మందుమొక్కే, కాని ఒట్టి అమాయకపు మొక్క కాదు. ఆకులో అకాలిఫిన్ అనే పదార్థముంది. అది విరిగితే సైనైడు పుట్టే కోవలోది. ఆకురసం వాంతి చేయిస్తుందని పాత వైద్యగ్రంథాలలో ఉంది. అంచేత పిల్లికి చూపించవలసింది వేరు మాత్రమే. అదీ వాసన చూసి ఆడుకోవడానికే గాని తినడానికి కాదు. చిటికెనవేలంత ముక్క చాలు. శుభ్రంగా కడిగి, వీలైతే పాతగుడ్డలో మూటకట్టి ఇవ్వండి. దగ్గర కూచుని చూడండి. ఆట మాని నమిలి మింగడం మొదలుపెడితే తీసేయండి. వారానికి ఒకటి రెండుసార్లకి మించనక్కరలేదు. ఆరునెలల లోపు కూనకీ, చూలుపిల్లికీ, జబ్బుపడ్డ పిల్లికీ అసలు వద్దు. రెండు గండుపిల్లులకి ఒకే ముక్క వేశారో, వీధి వీధంతా లేచిపోతుంది. ఒక్కొక్కదానికి విడిగా ఇవ్వాలి.

వేరు ఎక్కడిదన్నదీ ముఖ్యమే. మురుగుకాలవ పక్కదీ, కలుపుమందు కొట్టినచోటిదీ పనికిరాదు. మా ఊళ్ళో బొగ్గుపొడీ, ఇనపరాతి దుమ్మూ పడే రోడ్లున్నాయి. వాటి పక్కదీ వద్దు. పిల్లి ఒంటికి అంటినదంతా నాకి కడుపులోకి పంపిస్తుందని మరవకండి. కుండీలో మీరే ఒక మొక్క పెంచుకుంటే ఏ బెంగా లేదు. అడగకుండానే పెరుగుతుంది.

దుకాణంలో కొన్న క్యాట్‌నిప్ పొడి అయితే ఒక చిటికెడు. నూనెల జోలికి మాత్రం పోవద్దు. సీసాలో అమ్మే చిక్కటి సువాసన నూనెలు చాలావరకు పిల్లికి హానిచేస్తాయి. టీట్రీ నూనె విషమే. మన కాలేయం విరగ్గొట్టి బయటికి పంపేసే పదార్థాలను కొన్నిటిని పిల్లి కాలేయం విరగ్గొట్టలేదు. మనం తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి చాలు, దాని ప్రాణం తియ్యడానికి. మనిషికి మంచిదైతే పిల్లికీ మంచిదే అనుకోవడం పొరపాటు.

ఇంట్లో మనుషులకీ ఒక మాట. కుప్పింటాకు గజ్జికీ, దురదకీ పైపూతగా వాడే అలవాటు మనలో ఉంది. అది వేరు, పప్పులో వేసుకు తినడం వేరు. కొందరికి పుట్టుకతోనే రక్తంలో జి-6-పి-డి అనే ఎంజైము లోపించి ఉంటుంది. చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు. అటువంటివారు కుప్పింటాకు వేసిన కషాయం వంటి జావ తాగి, ఎర్రకణాలు పగిలిపోయి ఆసుపత్రి పాలయిన వృత్తాంతాన్ని 1996లో శ్రీలంక వైద్యులు ప్రకటించారు. పిల్లల చేత తాగించడం అసలే వద్దు.

ఇంతవరకూ వేరు ముచ్చట. వేరు ఒక మంచి ఎర అన్న సంగతి కూడా ఉంది. హిందూమహాసముద్రంలోని క్రిస్మస్ దీవిలో అడవిపాలైన పిల్లులను బోనులలోకి రప్పించడానికి ఈ కుప్పింట వేరు పనికివస్తుందేమోనని పరీక్షలు చేశారు. ఆస్ట్రేలియావారు దీని గుట్టు వెదకడానికి కారణమూ అదే. ఈ సంగతి మా మేడల సంఘం సమావేశంలో యథాలాపంగా అన్నాను. కార్యదర్శిగారి కళ్ళు మెరిశాయి.

మా ఆవరణలో పదకొండు పిల్లులున్నాయి. రాత్రిళ్ళు ఏడుస్తాయనీ, కార్లమీద గోళ్ళు గీస్తాయనీ ఫిర్యాదులున్నాయి. “అయితే మేడమ్, వేరు వేసి, అన్నిటినీ ఒక్కరోజున గోనెలలో పట్టించి, చేపలరేవులో వదిలేద్దాం. అక్కడ చేపలకి లోటేమిటి? దర్జాగా బతుకుతాయి,” అన్నారాయన. నలుగురు బాగుందన్నారు. మామ్మగారు ఒక మూల కూచుని ఉన్నారు. మామయ్యగారు పోయిన తరవాత ఆ ఇంట్లో ఆవిడతో మాట్లాడే ప్రాణి ఆ పిల్లి ఒక్కటే. అది పగలంతా ఆ పదింటితోనే తిరుగుతుంది. గోనె పట్టుకున్నవాడికి ఏది ఎవరిదో ఎలా తెలుస్తుంది? “దానికి ఆ వేరంటే ప్రాణం నాయనా. ముందు వచ్చేది అదే,” అన్నారావిడ మెల్లిగా. ఆ మాటతో సమావేశం కాసేపు నిశ్శబ్దమైపోయింది.

నేను చెప్పవలసింది చెప్పాను. చేపలరేవులో పిల్లులకి కొరత లేదు. పిల్లి తన చోటుని ప్రాణంలా కాపాడుకునే జంతువు. కొత్తగా దిగినదాన్ని పాతవి బతకనివ్వవు. జంతువును ఆకలిదప్పులపాలు చేసి వదిలేయడం 1960నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం కూడాను. ఇవి పోయినా, తిండి దొరికే చోటుకి మరో పదకొండు రావడానికి ఎన్నాళ్ళు? అవి పెరగకుండా ఆపడమే మార్గమన్నాను. అదే వేరుతో బుట్టలోకి రప్పించి, పశువైద్యుడి దగ్గరికి తీసుకుపోయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషను చేయించి, వాటి చోట వాటిని వదిలేద్దామన్నాను. ఖర్చు మాటకి కొంత గలభా జరిగింది. చివరికి ఇంటికింత అని చందా వేసుకున్నాం. మొదటి చందా మామ్మగారిదే.

ఆపరేషనుకి ముందు పిల్లి కడుపు ఖాళీగా ఉండాలి. అంచేత చేప చూపించి పట్టడానికి లేదు. అక్కడే వేరు అక్కరకొచ్చింది. మూతబుట్టలో గుడ్డమూట వేలాడదీస్తే, తినడానికేమీ లేకపోయినా, ఏడు పిల్లులు తమంతట తామే లోపలికి నడిచాయి. మూడింటిని రెండేసి రోజులు బతిమాలవలసి వచ్చింది. పదకొండోది, ఒక చెవి చిరిగిన ముసలి గండుపిల్లి. వేరును ఒక్కసారి మూచూసి, తుమ్మి, వెళ్ళిపోయింది. దాని వంశంలో ఆ రుచి లేదు కాబోలు. మామూలు బోనులో ఎండునెత్తళ్ళు పెట్టి దాన్ని పట్టి, ఒక రాత్రంతా పస్తుంచి తీసుకుపోవలసి వచ్చింది. కార్యదర్శిగారే స్వయంగా కారులో తీసుకెళ్ళారు. ఇప్పుడు రాత్రిళ్ళు ఏడుపులు బాగా తగ్గాయి.

మొత్తం కథ విని ఆకుకూరలావిడ ఒక్కటే అన్నది. “ఏరు మంచిదేనమ్మా. దాన్ని నమ్మి వొచ్చినదాన్ని మనం ఏటి సేసినామన్నదే సూసుకోవాలి.”

ఈ వానలకి మీ గోడవార కూడా కుప్పింట మొలిచే ఉంటుంది. కలుపు పీకించేటప్పుడు ఒక్క మొక్క ఉంచండి. వేరు పైకి రాగానే ఎవరి పిల్లి ముందు వస్తుందో చూడండి. వచ్చినదాని పక్కన పది నిమిషాలు కూచోండి. చూడ్డానికి ఖర్చు లేదు. అంతసేపు నవ్వుకోవచ్చు.